ఎడారి పాఠం, మా వంకలో చెలమ

మా చిన్నప్పుడు... వేముల దగ్గర మా పల్లెలో తెల్లారితే ఆడపిల్లల మొదటి పని చెలమకు పోవడం. ఎండిన వంకలో ఇసుక తోడి, ఊరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో బిందెలోకి ఎత్తుకోవాలి. నాకు జత కాశింబీ. వాళ్ళ నాయన పరుపులు కుట్టేవాడు. ఇద్దరం మూడో తరగతి, నేల మీద పక్కపక్కనే కూర్చునేవాళ్ళం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలు... మా సాంఘిక పుస్తకంలో ఎడారి మనుషుల పాఠం ఒకటి ఉండేది. ఒంటె, గుడారం, ఒక గడ్డపాయన బొమ్మ. కింద రాసింది నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "అరబ్బులకు నీళ్ళు దొరకవు. కనుక స్నానం చేయరు. మురికిగా ఉంటారు. బాటసారులను దోచుకుంటారు."

రాసిన మహానుభావుడు ఎడారి మొహం చూసి ఉండడు. మా పల్లె మొహం అసలే చూసి ఉండడు.

అయ్యవారు ఆ బొమ్మ చూపించి, కాశింబీని లేపి నిలబెట్టారు. "ఆ జాతోళ్ళు యాడో లేరు, ఈడనే ఉండారు, చూడండి" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

కాశింబీ తల వంచలేదు. "మేం దినామూ నీళ్ళు పోసుకొనే వస్తాండాం సార్. మాకూ వీళ్ళకూ ఒకటే చెలమ" అని, నా వైపు చూసింది.

నేను పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాను. ఎదురు చెప్పినందుకు దానికి రెండు దెబ్బలు పడ్డాయి. ఇక మీదట గడప దగ్గర విడిగా కూర్చోమన్నారు.

మర్నాడు చెలమ దగ్గర అడిగింది. "నిన్న నువ్వూ రెండు చెంబులే పోసుకున్యావు, నేనూ రెండు చెంబులే పోసుకున్యా. ఆ మాట చెప్పేదానికి నీకేమొచ్చెనే?"

నేను బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. కాశింబీ వారం రోజులు గడప దగ్గర కూర్చుని, ఆ తర్వాత బడికే రాలేదు.

పరీక్షలో అడిగారు, అరబ్బులు ఎటువంటివారని. మురికివారని రాశాను... పూర్తి మార్కులు వేశారు.

ఆ పుస్తకం మీద, ఆ అయ్యవారి మీద నాకు ఈ వయసులో కూడా కోపం చల్లారలేదు. ఇసుక తోడి నీళ్ళు తాగే పిల్లలకు, ఇంకెక్కడో ఇసుకలో బతికేవాళ్ళను ఈసడించుకోవడం నేర్పారు. నా మీద కోపం వేరే ఉంది, అది ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఇంటింటికీ కొళాయి వచ్చింది. పుస్తకాల్లో రంగుల బొమ్మలు వచ్చాయి. మొన్న మా మనవరాలు చదివి వినిపించింది, ఏదో దేశంవాళ్ళు వెనుకబడినవారట. ఎవరికంటే అని అడిగితే, అది ఇందులో లేదవ్వా అంది.

మీరు బట్టీ పట్టిన అలాంటి వాక్యాలుంటే కింద రాయండి... అప్పుడు మీ పక్కన ఎవరు కూర్చున్నారో కూడా రాయండి. నా పక్కన కూర్చున్నది కాశింబీ.