ఆగని బండి కోసం కర్గీ రోడ్

హోటల్ బాత్‌రూమ్‌లో షవర్ తిప్పగానే ప్లాస్టిక్ తెర చల్లగా వచ్చి కాళ్ళకు అంటుకుంటుంది. నీళ్ళ జోరుకు బయటికి పోవాలి గదా, లోపలికెందుకు వస్తుందో! చిరాకు పడతాను. వెంటనే సుందరమ్మ టీచరు గుర్తొచ్చి నవ్వుకుంటాను.

ఎనభైల చివర్లో ఆవిడ బిలాస్‌పూర్‌లో మా పదకొండో తరగతికి ఫిజిక్స్ చెప్పేవారు. గాలి వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందంటూ ఒకరోజు రెండు కాగితాలు పక్కపక్కన వేలాడదీసి, మధ్యలోకి ఊదారు. విడిపోవలసిన కాగితాలు దగ్గరికొచ్చాయి. క్లాసంతా తలూపింది. నాకు మాత్రం బుర్ర తిరిగింది. వేగంగా వచ్చేది గట్టిగా తోయాలి గదా! "నాకర్థం కాలేదండీ" అన్నాను. పరీక్షలో నాకు తోచిందే రాసి ఫెయిలయ్యాను. రైల్వేలో గార్డుగా చేసే మా నాన్న, ఇక సైన్స్ చాలు, ఆర్ట్స్‌లో చేరమన్నారు. నాకు అన్నం సయించలేదు. అర్థం కాకపోయినా ఆ చదువే నాకిష్టం.

సంగతి తెలిసి టీచరు ఆదివారం నన్ను దగ్గర్లోని కర్గీ రోడ్ అనే చిన్న స్టేషన్‌కు తీసుకెళ్ళారు. బిలాస్‌పూర్‌లో ప్రతి బండీ ఆగుతుంది. ఆగని బండి కావాలంటే అక్కడికి పోవాల్సిందే. ప్లాట్‌ఫారం మీద గోడ దగ్గరగా నిలబెట్టి నా మణికట్టు పట్టుకున్నారు. మెయిలు బండి దడదడలాడుతూ దూసుకుపోయింది.

"ఏటే, తోసిందా, లాగిందా?"

"ముందు తోసిందండి. తర్వాత నా చున్నీని లాగింది."

"అచ్ఛా! రెండూనా? పుస్తకంలో ఒకటే ఉందే." ఆవిడ నా మణికట్టు వదిలారు. "నాకూ పూర్తిగా తెల్దే, తల్లీ."

టీచరుకు తెలియకపోవడమేమిటి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. కానీ విచిత్రంగా, ఫెయిలయ్యాక ఫిజిక్స్ అంటే పట్టుకున్న భయం మాత్రం పోయింది.

ఆ సాయంత్రమే ఆవిడ మా ఇంటికొచ్చారు.

"గార్డుగారూ, అర్థం కాలేదని చెప్పింది క్లాసులో ఇదొక్కర్తే. మిగతావోళ్ళు తలూపీసి ఊరుకున్నారు. దీన్నే మానిపించేస్తారేటి?"

"ఫెయిలైనదాన్ని మెచ్చుకుంటారేటి టీచరుగారూ!" అంటూ నాన్న తెల్లబోయారు. ఆవిడ మాట ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు గాని, నన్ను మానిపించలేదు.

ఇప్పుడు నేనూ ఫిజిక్సే చెబుతున్నాను. ఆ షవర్ తెర గురించి చదివినకొద్దీ ఒక్కోచోట ఒక్కో కారణం కనిపిస్తుంది, తికమక పెరుగుతుంది. మొన్న క్లాసులో ఒక పిల్ల భయపడుతూ లేచి సరిగ్గా ఆ తెర సంగతే అడిగింది. "నాకూ పూర్తిగా తెల్దే, తల్లీ" అన్నాను. మాటతోపాటు ఆవిడ యాస కూడా వచ్చేసింది.

ఆ పిల్ల కూర్చోలేదు. ఇంకో ప్రశ్న అడిగింది.