కరువు పేరున్న కోడలు, సంకటి తెడ్డు

1791 అంటే మీ పుస్తకాల్లో చాలా సంగతులుంటాయి పిల్లలూ. ఫ్రాన్సు రాజు మారువేషంలో పారిపోతూ దొరికిపోయాడు. చెరకుతోటల దీవిలో బానిసలు యజమానుల మీద తిరగబడ్డారు. లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట, పెద్దయ్యాక అయస్కాంతంతో కరెంటు పుట్టించబోయే పిల్లవాడు పుట్టాడు. మన తెలుగు నేలన వానలు మొహం చాటేశాయి. నేను తిరిగి తిరిగి చివరికి చతికిలబడిన దక్షిణాఫ్రికాలోని ఈ బసూతో కొండల్లోనూ ఆ ఏడు చినుకు లేదంటారు. ఇక్కడ ఏళ్లకు అంకెలుండేవి కావు. ఆ ఏట జరిగిందే పుట్టిన బిడ్డకు పేరయ్యేది. అలా ఒక ఆడపిల్ల కొమెల్లో అయింది. అంటే కరువు.

ఆమెను ఏ పుస్తకమూ ఎక్కించుకోలేదు. పెళ్లయి పొరుగు లోయకు వెళ్లాక, జొన్న మాడినా ఆవు ఈచుకుపోయి దూడ దక్కకపోయినా తప్పు ఆమెదే. కొడుకు సెయాబాతాకు నాలుగేళ్లప్పుడు మళ్లీ వానలు ఆగిపోయాయి.

“ఇంట్లో కరువుని పెట్టుకుని ఆకాశంకేసి చూస్తే ఏమొస్తుందే!” అని అరిచింది అత్త మాత్సెలిసో. “ఈసారి వాన పడలేదా, నువ్వు పుట్టింటికి పో. పిల్లాడు మావాడు. మీవాళ్లకు ఆవులిచ్చి నిన్ను తెచ్చుకున్నాం.”

“నా పేరు నేను పెట్టుకున్నానా అత్తా?”

“వానకే కరువు, నీ నోటికి లేదు!”

వాన కోసం ఇక్కడి ఆడవాళ్లు పక్క ఊరిపెద్ద ఇంట్లో సంకటి తెడ్డు దొంగిలిస్తారు. ఆ ఊరి ఆడవాళ్లు తరుముతారు. చేతి నుంచి చేతికి విసురుకుంటూ తమ ఊరి పశువుల దొడ్డిలోకి చేర్చితే వాన వీళ్లది. నవ్వకండి, కప్పలకు పెళ్లిళ్లు చేసినవాళ్లం మనం.

ఆ ఏడు తెడ్డుకు బయల్దేరుతూ కొమెల్లోను రావద్దన్నారు. ఆమె వాగులో చెలమ తోడుకుంటోంది. తెడ్డు ఎత్తుకొచ్చిన ఆడబిడ్డ పులానేకు, సరిగ్గా వాగు గట్టునే కాలు మడతపడింది. వెనక తరిమేవాళ్లు. ముందు కొమెల్లో ఒక్కతే.

“పట్టుకో వదినా!”

కొమెల్లో అందుకుని పరుగెత్తింది. దొడ్డి గోడ దగ్గర అత్త చేతులు చాపి అడ్డం నిలబడింది.

“ఆగక్కడ! కరువు ముట్టిన తెడ్డు లోపలికి రాకూడదు!”

“అయితే నువ్వే తీసుకుని లోపల పెట్టు.”

“నేనెందుకు ముట్టుకుంటాను?”

“కడిగి తీసుకోండే,” అంది ఒకామె.

“నీళ్లెక్కడివే, నీ మొహం!” అంది ఇంకొకామె.

ఇంతలో తరిమేవాళ్లు వచ్చేశారు. బొద్దుగా ఉన్న ముసలామె తెడ్డు లాక్కుంది. “మీరు తీరిగ్గా తేల్చుకోండమ్మా. వాన మేం తీసుకెళ్తాం.”

ఇక్కడ మొరేనా అని పిలుచుకునే ఊరిపెద్ద ముందు అత్త శోకాలు పెట్టింది. “ఇది ముట్టుకోబట్టే పోయింది మొరేనా! ఇవాళే పంపించెయ్యి.”

ఆయన దొడ్డి పక్కనే తోలు మెత్తబరుస్తూ అంతా చూశాడు. “గోడదాకా తెచ్చింది నీ కోడలు. పోగొట్టింది నువ్వు. పంపాలంటే ముందు నిన్ను పంపాలి. ఉన్నారా, మీ పుట్టింట్లో ఎవరైనా?”

చుట్టూ చేరిన మగవాళ్లు విరగబడి నవ్వారు. అత్త నవ్వలేదు.

ఆ ఏడు తొలి వాన వాగు అవతలి ఊరి పొలాల మీద పడింది. కొమెల్లోను పొమ్మనే ధైర్యం మళ్లీ ఎవరికీ రాలేదు. అలాగని ఆదరించనూ లేదు. జొన్న కల్లు పంచేటప్పుడు ఆమె వాటా చేతికివ్వకుండా నేలమీద పెట్టేవారు. ఆమె కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, అందరూ లేచేదాకా, నింపాదిగా తాగేది.