పెద్ద ర్యాంకు మొక్కు

మార్కులు ఎంత పెరిగితే అంత మంచిదని, ర్యాంకు మాత్రం ఎంత తగ్గితే అంత గొప్పదని మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరైనా విడమరచి చెప్పారా? మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో, అంటే కడప హాస్టల్లో ఇంటర్ చదువుతూ కలలో కూడా నాలుగు జవాబుల్లో సరైనదేదో వెతుక్కునే రోజుల్లో, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాయవలసింది నేనొక్కదాన్నే అయినా, భయపడే బాధ్యతను వేంపల్లెలో మా ఇంటిల్లిపాదీ పంచుకున్నారు. నా చదువు చెడుతుందని అమ్మ టీవీ తీసేయించింది (నేను ఆ ఇంట్లో ఉండటం లేదన్నది వేరే సంగతి). నాయన తన ఎరువుల అంగడికి వచ్చిన రైతులకు పురుగుమందు పేరు కంటే ముందు నా వారపు పరీక్ష మార్కులు చెప్పేవాడు. చెబుతూ చెబుతూ జేబులోని దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు. ఆ వయసులోనూ నల్లగా, ఒత్తుగా నిలిచిన ఆ జుట్టు, కూతురి మార్కుల తర్వాత ఆయన గర్వపడే రెండో విషయం.

ఈ రెండింటినీ మా అవ్వ ఒకే మొక్కులో ముడిపెట్టింది. పరీక్షకు ముందు ఒంటిమిట్టకు పోయి, మనవరాలికి పెద్ద ర్యాంకు వస్తే కొడుకు తలనీలాలు ఇప్పిస్తానని రాముడికి మొక్కుకొని, ఆ సంగతి అంగడి దాకా వచ్చి అందరి ముందూ ప్రకటించింది. నా జుట్టు యాల మొక్కుకుంటివమ్మా అని నాయన గొణిగాడే తప్ప, మొక్కులోని అసలు లొసుగు ఎవరికీ తట్టలేదు.

ఫలితాలు వచ్చాయి. నా ర్యాంకు ఎనభై వేలు దాటింది. అమ్మ పొయ్యి ఆపేసి కూర్చుంది. నాయన ఒకే మాట అన్నాడు: ఇంకో సంవత్సరం లాంగ్‌టర్మ్ కోచింగ్, అదే హాస్టల్. తెల్లవారకముందే మోగే ఆ గంట, ఊచల కిటికీ పక్కన ఆ మంచం గుర్తొచ్చాయి. పోనని చెప్పడానికి మనసులో వాక్యాలు పేర్చుకున్నాను గానీ, ఒక్కటీ గొంతు దాటలేదు. (తరువాత కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచింది ఈ గొంతే అంటే అమ్మ ఇప్పటికీ నమ్మదు.)

అప్పుడు అవ్వ నాయనను అడిగింది. "అబ్బీ, ఆ రాంకు పెద్దదా, చిన్నదా?"

"పెద్దదేలేమ్మా. శానా పెద్దది," అన్నాడు నాయన, ఒళ్లు మండి.

అవ్వ ఒంటిమిట్ట దిక్కుకు తిరిగి దండం పెట్టి, నాయన జేబులోంచి దువ్వెన లాక్కుంది. "ఇంగ దీంతో నీకేం పని?"

నాయన చాలాసేపు వివరించాడు. ఒకటో ర్యాంకు అన్నింటికంటే గొప్పదనీ, అంకె పెరిగేకొద్దీ పిల్ల వెనకబడినట్టనీ చెప్పాడు. అవ్వ ఓపికగా విని, ఒకటి కంటే ఎనభై వేలు తక్కువని లెక్క పెట్టినోడు ఎవడో వానికి ముందు చదువు చెప్పించమన్నది. ఆపైన ఆమె చెప్పిన వాదానికి సాటి రాగలది ఏ పోటీ వేదిక మీదా నేను ఇంతవరకు వినలేదు.

"తెలిసి అడిగినానో, తెలీక అడిగినానో, నేనడిగింది ఆయప్ప ఇచ్చినాడు. ఇచ్చినాక ఇది బాగలేదు, మార్చియ్యి అని పాపను మళ్లా ఆడికి తోల్తావా? ఈ తూరి నువ్వే పోయి ఆయప్పతో చెప్పుకో, నేను రాను."

నాయన ఎరువుల కంపెనీలతో వాదించగలడు గానీ రాముడితో వాదించలేడు. ఆ వారమే ఒంటిమిట్టలో గుండు అయింది.

అసలు పరీక్ష వేంపల్లెకు తిరిగొచ్చాక మొదలైంది. మొక్కు సంగతి ఊరంతా ఎరుగును కాబట్టి, గుండు చూసిన ప్రతి రైతూ నా ఫలితం తెలిసిపోయిందనే అనుకున్నాడు.

"ఏమప్పా, పాపకు రాంకు వచ్చిందంటనే?"

"వచ్చిందప్పా."

"పెద్దదేనా?"

నాయన తలకు పోయిన చేతిని మధ్యలోనే దించుకొని, "పెద్దదే," అన్నాడు.

ఆ సంభాషణలో ఒక్క అబద్ధమూ లేదని గమనించాలి. సాయంత్రానికి ఊరంతా అభినందించింది; ఎవరో అరటిపండ్ల గెల కూడా పంపారు. మొక్కు తీరేంత ర్యాంకు వచ్చిన పిల్లను మళ్లీ కోచింగ్‌కు పంపితే ఊరికి ఏం చెప్పాలో నాయనకు తోచలేదు. లాంగ్‌టర్మ్ ఊసు మా ఇంట్లో అంతటితో ఆగిపోయింది. నేను కడపలోనే ఆర్థికశాస్త్రం డిగ్రీలో చేరాను.

మాట పెగలక గోడకు ఆనుకొని నిలబడిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఆమె తరఫున రాముడిని సాక్ష్యానికి పిలిచారు, ఊరు తీర్పు చెప్పింది, నాయన జుట్టు జరిమానా కట్టింది. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కాబట్టి ఈ వేసవిలో ఫలితాలు చూసి ఇంకో సంవత్సరం కోచింగ్ అని నిర్ణయించబోతున్న తల్లిదండ్రులారా, నాదొక్కటే విన్నపం: పోతావా అని మీ పిల్లను ఒక్కసారి అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.