సుగ్గికి పోయినవాళ్ల ఇళ్లు

2023లో ఎమ్మిగనూరులో ఒక జూనియర్ కాలేజీలో వారానికి రెండు రోజులు ఆంత్రప్రెన్యూర్‌షిప్ క్లాసు చెప్పడం మొదలుపెట్టాను. సొంతంగా ఏదైనా సృష్టించి దానితో బతకవచ్చనే ఆలోచనను పిల్లలకు అలవాటు చేయడం నా పని. మాది ఆదోని. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. ధైర్యంగా మాట్లాడమని చెప్పే ఉద్యోగం నాకే ఎందుకిచ్చారో డైరీలో చాలాసార్లు రాసుకున్నాను.

జనం పదేపదే చెప్పుకునే ఇబ్బందిని మేం ‘పెయిన్ పాయింట్’ అంటాం. అలాంటిది ఒకటి పట్టుకుని, డబ్బిచ్చి తీసుకోదగ్గ పరిష్కారం చూపమన్నాను. కొందరు జ్యూస్ బండి అన్నారు, కొందరు సెల్‌ఫోన్ కవర్లు అన్నారు. నందవరం దగ్గరి పల్లె నుంచి వచ్చే నాగవేణి చివర్న లేచింది.

“మా ఊర్లో సుగ్గికి పోయేటప్పుడు ఇండ్లకు తాళాలేసి, కోళ్లను, గొర్రెపిల్లలను అడిగిన ధరకు అమ్ముకొని పోతారు మేడం. నేను వాటిని సూసుకుంటా. సాయంత్రం వాకిట్లో దీపం పెట్టి, ఫోన్లో వాళ్లిల్లు వాళ్లకు సూపిస్తా. నెలకింతని తీసుకుంటా.”

సుగ్గి అంటే ఇక్కడ పనులు లేని నెలల్లో గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోవడం.

“కోళ్ల మేనేజరమ్మ!” అని వెనక బెంచీలో ఒకడు అరిచాడు.

“నీ మొదటి కస్టమర్ ఎవరు?” అని అడిగాను. అందరినీ అదే అడుగుతాను.

“మా అమ్మ.”

క్లాసంతా నవ్వింది. ఇంట్లోవాళ్లు కస్టమర్ల లెక్కలోకి రారని చెప్పాను. క్లాసయ్యాక ఆమె వరండాలో నా దగ్గరికొచ్చింది.

“దీపావళి కాంగానే మావోళ్లు పోతారు మేడం. నన్నూ రమ్మంటాండారు. పోతే మార్చిలో ఇంటర్ పరీక్షలు రాయలేను. ఈడ నాకు పనుందంటే ఇడిసిపోతారేమో.”

ఆమెకు కావలసింది పరీక్ష. దాన్ని నా పాఠంలో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. వాళ్లమ్మ వెంకటమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“కోళ్లు మేపేది నేర్పనీకి కాలేజీ కావాల్నమ్మా? అది నేను సెప్పలేనా?”

పరీక్షల గురించి ఏదో గొణిగాను.

“పరీక్ష యాడికి పోతాది? వచ్చే ఏడు రాసుకుంటాది. కోతకాడ ఒక మనిషి తగ్గితే ఆ కూలి ఎవరిస్తారు?”

అంతలో పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. “వెంకటమ్మా, పిల్ల ఉంటే నా గొర్రెపిల్లలను ఈడ్నే ఇడిసిపోతా. పోయినేడు సగం ధరకు అమ్మి ఏడ్సినా. కావాలంటే నెలకింత ఇస్తా.”

ఎదురింటామె కూడా అదే మాట అంది. వెంకటమ్మ మెత్తబడింది. రాత్రిళ్లు పిన్నమ్మ ఇంట్లో పడుకోమని చెప్పి, కూతుర్ని ఉంచి పోయింది. పరీక్ష మాట ఆమె మళ్లీ ఎత్తనేలేదు. నేను సంతోషించాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

జనవరిలో నాగవేణి కాలేజీకి రావడం తగ్గింది. ఫోన్ చేస్తే, “గొర్రెపిల్లకు కడుపుబ్బింది మేడం. నన్ను నమ్మి ఇడిసిపోయినారు, యాడ వస్తా?” అంది. వాళ్ల క్లాసు లెక్చరర్ సారు నన్ను పిలిచి, “చదువుకోమని పంపిస్తే గొర్రెలు కాయిస్తున్నారే!” అన్నారు. ఎట్లాగో నాగవేణి పరీక్షలు రాసింది, పాసైంది.

జూన్‌లో, ఆదోనిలో డిగ్రీలో చేర్చమని చెప్పడానికి మళ్లీ పోయాను. వెంకటమ్మ ఈసారి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది.

“ఇది ఆదోనికి పోతే ఇండ్లెవరు సూస్తారు? మా పిల్ల ఉంటాదని అందరికీ మాటిచ్చేసినా.”

నాగవేణి అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. “ఇంకొకరికి నేర్పిస్తే నేను పోవచ్చు కదా మేడం. పని ఒక్కరి మీదే ఆగగూడదని మీరే సెప్పినారు.”

“ఎవరికి?”

“మా చెల్లికి. ఎనిమిదో క్లాసుకు వచ్చింది. ఈ పనుంటే దాన్నీ సుగ్గికి తీస్కపోరు. బడీ పోదు.”

“కోళ్లయితే సరే,” అంది చెల్లెలు. “గొర్రెపిల్లలు నాకొద్దక్కా, కంపు.”

పనిని నమ్మకంగా ఇంకొకరికి అప్పగించడాన్ని మేం డెలిగేషన్ అంటాం. క్లాసులో అయితే శభాష్ అనేదాన్ని. అక్కడ మాత్రం మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఆ చిన్నదాని వైపు చూశాను. ఆ పిల్లకు బడి దక్కుతుందా, అక్కలాగే జనవరికల్లా దూరమవుతుందా?

నాగవేణి ఆదోనిలో చేరింది. ఇప్పుడు పిల్లలు ఏ ఆలోచన చెప్పినా, రేపు ఈ పని ఎవరి మీద పడుతుందని అడుగుతున్నాను. సుగ్గి నెలల్లో వారానికోసారి నందవరం ఆటో ఎక్కి, ఆ చిన్నది బడిలో ఉందో లేదో చూసి వస్తున్నాను.