రెండు పాత కార్లూ, నా కుళ్లుమోతుతనమూ

మొన్న ఆదివారం పొద్దున జూబిలీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర మా క్యాబ్ ఆగింది. ఎదురుగా పాత కార్లు వరసగా, ఒకదాని వెనక ఒకటి, ఎవరికీ ఏ తొందరా లేనట్టు పోతున్నాయి. అందులో ఎర్రటిదొకటి, వెడల్పాటిది, నోటినిండా వెండి పళ్లు పెట్టుకున్నట్టుంది. మా డ్రైవరు స్టీరింగు వదిలేసి మరీ చూశాడు. "అమ్మా, గా ఎర్రబండి చూసిండ్రా? ఏం బండి గది! బోరబండల మా ఇల్లంత ఉంది" అన్నాడు. నాకు చప్పున మండింది. "దీన్నేం చూస్తావు బాబూ, మా ఇంట్లో ఉన్నది చూస్తే ఏమంటావో" అన్నాను. అతను అద్దంలోంచి నన్నూ, నా ఒళ్లో ఉన్న కూరల సంచినీ ఒకసారి చూసి, "మీకు గూడ ఉందా అమ్మా గసొంటిది?" అన్నాడు. "ఒకటి కాదు, రెండున్నాయి" అన్నాను. ఆ రెండింట్లో ఒకటి మాది కాదు, మా అక్కావాళ్లది. అక్కావాళ్ల కారును నాదని ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర గొప్పలు పోయానని ఇంటికొచ్చి కూరలు సర్దుతుంటే తట్టింది. నాకే నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ కారు మీద ముప్పై ఏళ్లపాటు కళ్లలో నిప్పులు పోసుకున్న మనిషిని నేను.

మేమిద్దరం అక్కచెల్లెళ్లం, తెనాలి పక్క వాళ్లం. ఇద్దరం పెళ్లిళ్లయి మద్రాసులో తేలాం. బావగారిది సినిమాల పంపిణీ. మావారిది షూటింగులకు లైట్లూ జనరేటర్లూ అద్దెకిచ్చే వ్యాపారం. అంటే సినిమాల మీద బతికేవాళ్లే తప్ప సినిమాల్లో కనపడేవాళ్లు కాదు. పరిశ్రమ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వచ్చినప్పుడు దాని వెనకే మేమూ వచ్చాం. అక్కావాళ్లు శ్రీనగర్ కాలనీలో ఇల్లు తీసుకున్నారు. మేము ఫిల్మ్‌నగర్‌లో, అప్పట్లో బండరాళ్లూ తుప్పలూ తప్ప ఏమీ లేని ఎత్తులో కట్టుకున్నాం. ఆడవాళ్లం గిన్నెలూ బీరువాలూ లారీ ఎక్కించి రైల్లో వస్తే, మగవాళ్లిద్దరూ చెరో పాత అమెరికా కారు తామే నడుపుకుంటూ వచ్చారు. దారిలో ఒంగోలులో ఆగాల్సి వచ్చిందట. ఆ ఒంగోలు మజిలీ గురించి వాళ్లిద్దరూ ఎన్ని వందలసార్లు నవ్వుకున్నారో లెక్కలేదు. ఏం జరిగిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "ఏముంది, టైరు పంక్చరయింది" అనేవారు మావారు. పంక్చరులో కళ్లనీళ్లు తిరిగేంత నవ్వు ఎక్కడుంటుందో మీరైనా చెప్పండి.

బావగారిది ఇంపాలా. నెమలికంఠం రంగు, బారెడు ముక్కు, వెనక రెక్కలు విప్పినట్టుండే అంచులు, వాటి కింద చెరోపక్క మూడేసి ఎర్రదీపాలు. మాది ప్లిమత్. మీగడ రంగులో, పొట్టిగా గుండ్రంగా, ఏ కోణంలోంచి చూసినా బాగా నెయ్యి పడ్డ పిల్లలా ఉంటుంది. మా బండి మంచిది కాదని కాదు. ఎండాకాలమైనా వానాకాలమైనా తాళం తిప్పగానే పలికేది. దాని ముందు సీటు హాల్లో సోఫాలా ఉండి, ముగ్గురం హాయిగా కూర్చునేవాళ్లం. కానీ రెండు కార్లూ పక్కపక్కన నిలబెడితే జనం వచ్చి ఇంపాలా దగ్గర ఆగిపోయేవారు. మా కారు దగ్గరికి నీడ కోసం వచ్చేవారు.

జూబిలీహిల్స్‌లో ఒక ఖాళీ స్థలం దగ్గర పాతకార్ల వాళ్లంతా ఆదివారాలు చేరేవారు. డాడ్జి ఉన్న డాక్టరుగారొకరు, బ్యూక్ ఉన్న కాంట్రాక్టరొకరు, అలా ఏడెనిమిది మంది. పేరంటంలో నగలు చూపించుకున్నట్టు బానెట్లు ఎత్తి ఒకరికొకరు చూపించుకునేవారు. "ఈ పిడి ఒరిజినలేనండీ" అంటే, "అబ్బ, ఆ పిడి!" అని మిగతావాళ్లు ఒంగేవారు. డాక్టరుగారైతే తన కారు తలుపు వేసిన చప్పుడు అందరినీ కళ్లు మూసుకుని వినమనేవాడు. విని, అందరూ నిజంగానే తలలు ఊపేవారు. అక్క ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తూ, ఎవరు ఇంపాలాను మెచ్చుకున్నా తలకాయ తిప్పకుండా, "ఆఁ, ఉంది లెండి ఏదో" అనేది. ఆ "ఏదో" విన్నప్పుడల్లా వెళ్లి మా ప్లిమత్ అద్దాలు చెంగుతో తుడిచేదాన్ని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. నాకు తోడికోడలు లేని లోటు మా అక్క తీర్చింది.

అయినా ఇదంతా పైపై కుళ్లు. పండగకి చీర మారిస్తే పోయే రకం. అసలుది వేరే ఉంది.

మావారు మాట్లాడరు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని ఎవరో చిన్నప్పుడే భయపెట్టినట్టున్నారు. పొద్దున "కాఫీ", మధ్యాహ్నం ఫోన్లో "రాను", రాత్రి "పడుకో". ఇంతే మా సంసారంలో సంభాషణ. ఆ లెక్కన ఏ దర్శకుడూ ఆయన చేత ఒక సీను కూడా రాయించుకోలేడు. అలాంటి మనిషి, బావగారితో కలిసి కారు దగ్గర నిలబడ్డాడంటే, తలుపుకు వేసే రబ్బరు గురించి పూటంతా మాట్లాడేవాడు. చేతులు తిప్పుతూ, నవ్వుతూ, మధ్యలో పాత మద్రాసు కబుర్లు కలుపుతూ. నేను టిఫిను క్యారియరు పట్టుకుని వెళితే ఇద్దరూ ఆగి, పిల్లలు పెద్దవాళ్లను చూసి ఆగినట్టు, నేను ఎప్పుడు వెళతానా అని చూసేవారు. పెసరట్లు చల్లారకముందే తినండని చెప్పి వచ్చేసేదాన్ని. గుమ్మం దాటగానే మళ్లీ మొదలయ్యేది, చెరువుకు గండి పడ్డట్టు.

ఒకసారి నా వెంకటగిరి చీర కనిపించలేదు. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డది, వేసవిలో తప్ప కట్టేదాన్ని కాదు. వారం తర్వాత శ్రీనగర్ కాలనీలో అక్కావాళ్ల షెడ్డులో దొరికింది, చదరాలుగా చింపి. దాని జరీ అంచు తీసేసి మరీ చింపారు, గీతలు పడకుండానట. "చీర మెత్తగా ఉంది, అన్నయ్యగారి బండికి పనికొస్తుందని..." అన్నారు మావారు. తోడల్లుళ్లిద్దరూ అన్నయ్యగారూ, తమ్ముడూ అని పిలుచుకునేవారు లెండి. నా చీరతో నా కారు తుడిచినా ఇంత బాధపడను. నా చీరతో ఇంపాలాకు మెరుగు పెట్టారు! అక్క పగలబడి నవ్వి, మర్నాడే ఇంకో చీర కొనిచ్చింది. కొనిచ్చినందుకు ఇంకా మండింది.

ఇంకోసారి పాతకాలం కథ తీస్తున్నవాళ్లు హీరో దిగే కారు కోసం మా ఇంటికొచ్చారు. ప్రొడక్షన్ మేనేజరు ప్లిమత్ చుట్టూ తిరిగి, "బాగుందండీ, ఇదే ఖాయం చేద్దాం" అన్నాడు. నేను లోపల్నుంచి విని స్వీటు పళ్లెంలో పెడుతున్నాను. అంతలో మావారి గొంతు, ఆ గొంతే, ఎన్నడూ వాక్యం పూర్తి చేయని గొంతు, "తెర మీద పొడవు బండి అందంగా ఉంటుందండీ, శ్రీనగర్ కాలనీలో ఒకటుంది, రండి చూపిస్తాను" అంది. పళ్లెం అక్కడే పెట్టేశాను. సినిమా విడుదలైన రోజు అందరం వెళ్లాం. ఇంపాలా తెర మీద రెప్పపాటు కాలం కనిపించింది. తోడల్లుళ్లిద్దరూ సీట్లోంచి లేచి నిలబడి ఈలలు వేశారు. మావారికి ఈల వేయడం వచ్చునని ఆ రోజే తెలిసింది నాకు.

తిరిగొస్తూ కారులో అన్నాను, "అదే మన బండయితే ఇంకా బాగుండేది" అని. "మా బండ్లు రెండూ బాగానే ఉంటాయిగా" అన్నారు. మా అంటే ఎవరెవరి బండ్లండీ అన్నాను. ఆయన అమాయకంగా, "అన్నయ్యగారిదీ నాదీ" అన్నారు. కట్టుకున్న పెళ్లాంతో మాట్లాడుతూ ఏ తెలుగువాడైనా "మన ఇల్లు, మన బండి" అంటాడు. "మా" అన్నాడంటే, వింటున్న మనిషి పరాయిదని. వ్యాకరణం పుస్తకాల్లో ఉంటుందనుకుంటాం కానీ అది ఒక్కోసారి కారు ముందు సీట్లో పక్కనే కూర్చుని గుండెల్లో గుచ్చుతుంది. ఆ తర్వాత కావాలని చెవి పెట్టి విన్నాను. బావగారితో ఎప్పుడూ "మనం", నాతో ఎప్పుడూ "మేము". "మేము ఆదివారం శంషాబాదు దాకా వెళ్లొస్తాం." "మేము ఈసారి రంగు మారుద్దామనుకుంటున్నాం." ఏ ఆడమనిషైనా అయితే నిలదీయవచ్చు. సొంత అక్క మొగుడి మీద ఏమని ఏడుస్తాం? ఎవరితో చెప్పుకున్నా నవ్విపోతారు. దేవుడికి మాత్రం చెప్పుకునేదాన్ని, ఒక్క ఆదివారమైనా ఈ మనిషిని ఇంట్లో ఉంచు స్వామీ అని.

బావగారు కిందటేడాది వానల్లో పోయారు. పొద్దున కాఫీ తాగి పేపరు తీసుకున్నారు, అంతే. నాకూ తండ్రిలాంటివారే, ఏడ్చాను. పెద్దకర్మ అయ్యాక వచ్చిన ఆదివారం మావారు ఇంట్లోనే ఉన్నారు. ఆ తర్వాతి ఆదివారం కూడా. వరండాలో కుర్చీలో కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేవారు. నేను పెసరట్టు వేసి పక్కన కూర్చుని ఏదో ఒకటి కదిపేదాన్ని. "ఊఁ" అనేవారు. ఎన్ని దండాలు పెట్టుకున్నానో ఆ ఆదివారాల కోసం! తీరా వచ్చాక వాటిని ఎలా గడపాలో ఇద్దరికీ తెలియలేదు.

కొన్నాళ్లకు మళ్లీ శ్రీనగర్ కాలనీకి బయలుదేరారు. పాత కారును వారానికోసారైనా స్టార్టు చేయకపోతే పాడవుతుందిగా, అందుకని. పోనీలే, మనిషికి ఒక పని దొరికిందనుకున్నాను. ఒకరోజు అక్క ఫోన్లో, "మీ ఆయన ఎంత బాగా మాట్లాడతాడే! ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను" అంది. బావగారితో అయితే సరే, ఇప్పుడు అక్కతోనూనా? నాకు ఒక్క ముక్క లేదు, ఆవిడకు మాత్రం కబుర్లా? తోడబుట్టినది, మొన్ననే భర్త పోయినది అన్న ఇంగితం కూడా లేకుండా ఒళ్లంతా భగ్గుమంది. దాచుకోవడం దేనికి, నా స్వభావం అంతే.

ఆ ఆదివారం చెప్పకుండా ఆయన వెనకాలే ఆటోలో వెళ్లాను. గేటు తీసే ఉంది. షెడ్డులో ఇంపాలా ఇంజను సన్నగా నడుస్తోంది. అక్క ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు వలుచుకుంటోంది. మావారు ముందు సీట్లో ఉన్నారు. స్టీరింగు ముందు కాదు. బండి స్టార్టు చేసి పక్కకి జరిగి, ఎప్పుడూ తాను కూర్చునే వైపు కూర్చున్నారు. స్టీరింగు ముందు ఖాళీ. ఆ ఖాళీ వైపు తిరిగి, చేతులు తిప్పుతూ చెబుతున్నారు, "డాక్టరుగారు బంపరుకు కొత్తగా మెరుగు పెట్టించాడు అన్నయ్యగారూ, అబ్బే, గిల్టు నగలా ఉంది. మొహమాటానికి బాగుందన్నాననుకోండి..."

నేను అక్క వైపు చూశాను. అక్క కాయలు వలవడం ఆపకుండా మెల్లగా అంది, "నాతో మాట్లాడతాడనుకున్నావుటే? నాతో 'బాగున్నారా వదినగారూ' దాకానే. ఈ ఊళ్లో మీ బావగారిని ఇంకా పిలిచే మనిషి ఈయనొక్కడే. అది వినడానికి కూర్చుంటాను."

అప్పుడే మావారు నన్ను చూశారు. మాట ఆగిపోయింది. ఎప్పుడూ ఆగినట్టే. నేను వెళ్లిపోదామని గేటు వైపు తిరిగాను కూడా.

"ఆపేశారేం మరిదిగారూ?" అంది అక్క.

మావారు స్టీరింగు వైపు తిరిగి, "అన్నయ్యగారూ, మీ మరదలొచ్చింది" అన్నారు. తర్వాత నాతో, "వెనక తలుపు గట్టిగా లాగు, లేకపోతే పడదు" అన్నారు. గట్టిగానే లాగి కూర్చున్నాను. ఆయన డాక్టరుగారి బంపరు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టి, డాడ్జి తలుపు చప్పుడు మీదికీ, అక్కణ్నుంచి మద్రాసు మీదికీ వెళ్లారు. నా వైపు ఒక్కసారీ తిరగలేదు. అయినా నేనున్నానని తెలిసే మాట్లాడారు. నేను ఆయన మెడ వెనక తెల్లబడ్డ జుట్టు చూస్తూ ప్రతి మాటా విన్నాను. బావగారి మీద కుళ్లు అప్పటికీ చావలేదు, పోయాక కూడా ఇంత పిలిపించుకుంటున్నారు కదా అని. కాలం మనం కోరుకున్నవి ఇవ్వదంటారు కానీ, ఇస్తుంది. అవి ఎవరి దగ్గర్నుంచి తెచ్చి ఇస్తుందో ముందుగా చెప్పదు.