‘ఆపు’ అనడం నేర్పిన సింహాచలం గారు

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాటతో మొదలుపెడుతున్నాను. ఆ ఉదయం తెగిపోయిన తాడును, తెగకముందే నేను చూశాను.

సింహాచలం గారు ఇక లేరన్న వార్త మంగళవారం హౌగాంగ్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఫోనులో చదివాను. మూడు రైళ్లు వచ్చి వెళ్లాయి. ఎక్కలేకపోయాను. క్రేను ప్రమాదంలో గాయపడి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కోలుకుంటున్నారనే అందరం అనుకున్నాం.

ఈ పత్రిక చదివే చాలామందికి ఆయన తెలిసి ఉండకపోవచ్చు. మన కాపురాలు ఫ్లాట్లలో, ఆయన కాపురం కార్మికుల డార్మిటరీలో. శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి కట్టడాల దగ్గరే పనిచేశారు. చోవా చూ కాంగ్‌లోని మా సైటుకు ఆయన లిఫ్టింగ్ సూపర్‌వైజరు. క్రేను ఎత్తే ప్రతి బరువుకూ ఆయన సరేననాలి. నేను అక్కడ పర్మిట్లు రాసే చిన్న ఉద్యోగిని.

ఆయనకొక నియమం ఉండేది. ఎంత తొందరలోనైనా, తాళ్లు ఓర్చుకుంటాయో లేదో చూడటానికి బరువును జానెడెత్తు లేపించి ఆపేవారు. పదిదాకా పైకి లెక్కపెట్టేవారు, తెలుగులోనే. క్రేను నడిపే చైనీస్ పెద్దాయన పైనుంచి వాకీటాకీలో విసుక్కునేవాడు.

“రెయిన్ కమింగ్ లా, అంకుల్! ఫాస్ట్, ఫాస్ట్!”

“కమింగైతే రానీ. తడిస్తే ఆరతాం. ఏడు... ఎనిమిది...”

ఆరు నెలలు తిరిగేసరికి ఆ పెద్దాయనకూ మన అంకెలు వచ్చేశాయి.

సింహాచలం గారి ఎడమచేతికి రెండు వేళ్ల కొసలు లేవు. ఎప్పుడో కొక్కేనికీ గొలుసుకూ మధ్య నలిగాయట. కొత్తగా చేరినవాళ్లకు ఆ చెయ్యి చూపించి, “క్లాసులో సెప్పింది మర్సిపోతారు. దీన్ని మర్సిపోనేరు,” అనేవారు. బరువుకు కట్టే ఇనుపతీగల తాళ్లను మా దగ్గర మూడు నెలలకొకసారి పరీక్షించి, బాగున్నవాటికి ఆ విడత రంగు టేపు చుడతారు. ఆయన టేపు చూసి ఊరుకునేవారు కాదు. తాడు పొడవునా వేళ్లతో తడిమేవారు.

నా గొంతంటే ఆయనకు దిగులు. మధ్యాహ్నం డైరీ రాసుకుంటుంటే వచ్చి, “ఏటమ్మా, మా మీద కంప్లెయింటా?” అని నవ్వి, వాకీటాకీ చేతిలో పెట్టేవారు. “ఆపండి అను.” అనేదాన్ని. “ఓలమ్మా, దోమ ఇంతకంటే గట్టిగా పాడద్ది! ఆపు అనడానికి ఎవుడి పర్మిటూ అక్కర్నేదు. నువ్వైనా అనొచ్చు. తప్పయితే నవ్వుతారు. అంతే కదా?”

ఆ నవ్వుకే భయపడ్డాను. ఆ ఉదయం మేనేజరు పిలిస్తే ఆయన ఆఫీసులోకి వెళ్లారు. మబ్బు కమ్ముతోందని, ఆయన రాకముందే ఇనుప ఊచల కట్టకు తాళ్లు కట్టేశారు. పర్మిట్ పుస్తకంతో అటు వెళ్తూ చూశాను. ఒక తాడుకు ఈ విడత నీలం టేపు. రెండోదానికి పోయిన విడత పసుపు టేపు. వాకీటాకీ నా చేతిలోనే ఉంది. మీట మీద వేలు కూడా పెట్టాను. ఇరవై మంది వింటారు. నేనే పొరబడితే? అనుకునేలోపు కట్ట మనుషుల తలలు దాటి లేచింది. జానెడు దగ్గర ఎవరూ ఆపలేదు.

సింహాచలం గారు పరుగున వచ్చి, కట్ట కింద నిలబడ్డ తమిళ కార్మికుణ్ణి బయటికి తోసేశారు. పసుపు టేపు తాడు తెగింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయింది. ఆయన నడుము కింది భాగమంతా ఊచల కింద ఉండిపోయింది.

ఆయన స్థానంలోకి మరొకరు వచ్చారు. నిన్న పని మళ్లీ మొదలైంది. మొదటి బరువు జానెడెత్తున ఆగింది. పైనుంచి వాకీటాకీలో వచ్చీరాని తెలుగులో “ఒకటి... రెండు...” అని వినిపించింది. క్రేను పెద్దాయన. పది అయ్యేదాకా సైటులో ఎవరూ కదలలేదు. సింహాచలం గారి వంటి మనిషిని మళ్లీ చూస్తానని నాకు నమ్మకం లేదు.

ఇది పత్రికకు పంపి, నేరుగా దర్యాప్తు చేస్తున్నవారి దగ్గరకు వెళ్తున్నాను. రాసివ్వడానికి కాదు, నోటితో చెప్పడానికి.

ఆసుపత్రికి చివరిసారి వెళ్లినప్పుడు ఆయనకే చెబుదామనుకున్నాను. మంచం పక్కన నిలబడి, “పసుపు టేపు నేను చూశాను, అంకుల్,” అన్నాను. ఒక్కసారే అనగలిగాను. ఆయన కళ్లు తెరిచి, మెల్లగా తల నా వైపు తిప్పారు.

“ఇనబడ్నేదమ్మా. గట్టిగా సెప్పు.”