చెయ్యి చేసుకోవడానికి ఇంగ్లీషు మాట లేదు

నా చిన్నప్పుడు మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇచ్చేవారు, ఆ తర్వాత నన్ను పిలిచి ఇంగ్లీషు చెప్పించేవారు. కొవ్వూరులో మా వీధి మొత్తానికి కాన్వెంటుకు వెళ్ళే ఆడపిల్లని నేనొక్కదాన్నే మరి. మా తాతయ్యకి ఇంగ్లీషు ముక్క రాదు. అయినా నేను చెబుతుంటే మీసం దువ్వుకుంటూ, తనే నేర్పినట్టు తల ఊపేవాడు.

ఆ ఏడు వేసవి సెలవుల్లో మా అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, కాకినాడలో ఉన్న అత్తారింటి నుంచి ఒక్కర్తీ బస్సెక్కి వచ్చేసింది. పెట్టె కూడా తెచ్చుకోలేదు. ఎందుకొచ్చిందని అడిగితే మా మామ్మ గొంతు తగ్గించి, "మీ మావయ్య చెయ్యి చేసుకున్నాడే" అంది. పెళ్ళి చేసుకోవడం, వంట చేసుకోవడం లాగా అదీ ఏదో మంచి పనే అనుకున్నాను. అత్తయ్య డిగ్రీ చదివింది కదా, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఆవిడనే అడుగుదామని వెళ్ళాను.

అత్తయ్య దొడ్లో స్నానానికి కూర్చుని, లంగా గుండెల మీదకి కట్టుకుని ఉంది. నా ప్రశ్న విని, అలాంటి మాట ఇంగ్లీషులో లేదమ్మా, అక్కడ ఎలా కొట్టాడో, ఎన్నిసార్లు కొట్టాడో చెప్పాల్సిందే అంది. సున్నిపిండి చేతిలో పెట్టి, రుద్దమని వీపు నా వైపు తిప్పింది. మెడ కింద నుంచి బెల్టు దెబ్బలు వాతలు తేలి, కొన్ని పచ్చబడి, కొన్ని ఇంకా నల్లగా ఉన్నాయి. నా చేతిలో సున్నిపిండి అలాగే ఉండిపోయింది. భయమేసింది నాకు.

ఆవిడ ఏడవలేదు, పాఠం చెప్పింది. తెలుగులో అన్నిటికీ కొట్టడమే. గంట కొడతాం, ఈల కొడతాం, కొబ్బరికాయ కొడతాం, పెళ్ళాన్నీ కొడతాం. ఇంగ్లీషువాళ్ళు అలా కలిపెయ్యరంది. అరచేత్తో చెంప మీద వేస్తే స్లాప్. ఒక్క దెబ్బ తగిలితే హిట్. ఎక్కడ నొప్పెడుతుందో చూసుకుని వేస్తే స్ట్రైక్. ఆపకుండా మళ్ళీ మళ్ళీ వేస్తే బీట్. కళ్ళంలో పనలు బల్లకేసి గింజ రాలేదాకా బాదుతారు చూడు, మనిషిని అలా బాదితే థ్రాష్. ఒక్కో మాటకీ నా వేలు పట్టుకుని తన ఒంటి మీద ఒక్కో చోట పెట్టించింది. థ్రాష్ అన్నప్పుడు కడుపు మీద పెట్టించి, "ఇక్కడ నీకో బుజ్జి మరదలో బావో ఉండాల్సింది" అంది. మొన్న కొట్టినా ఇవాళ కొట్టినా హిట్టే, ఆ మాటకి కాలంతో పని లేదు అని చెప్పి నవ్వింది కూడా. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

మామ్మ కూడా ఆ వీపు చూసింది. చూసి, వెన్న రాసి, అత్తయ్యతో మీ నాన్నకి తెలియనివ్వకే, పరువు పోతుంది అంది. అయినా అత్తయ్య తాతయ్యతో కొట్టాడని చెబితే, ఆయన చెవిలో అది చెయ్యి చేసుకున్నాడనే పడింది.

వారం తిరక్కుండా మావయ్య తన పెదనాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరుగు మీద కుర్చీలు వేసి, పూతరేకులు పెట్టారు. మావయ్య ఇస్త్రీ చొక్కాలో బుద్ధిమంతుడిలా కూర్చుని, కోపంలో ఏదో ఒకసారి చెయ్యి చేసుకున్నానండి మావయ్యగారూ అన్నాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని సామెత చెప్పి పెదనాన్నగారు నవ్వారు. ఆ సామెత కట్టినవాడు జన్మలో దెబ్బ తిని ఉండడు. తాతయ్య తలొంచుకుని, నిజమేనండి అన్నాడు. సాయంత్రం బస్సుకి అత్తయ్యని పంపించడం ఖాయమైపోయింది. మామ్మ లోపల కొత్త చీర, పసుపు కుంకుమ సర్దుతోంది. అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆవిడ మొహంలో చుక్క నెత్తురు లేదు.

మాటలైపోయాయి. ఏం చెయ్యాలో తోచక తాతయ్య అలవాటు కొద్దీ నన్ను పిలిచి, పెద్దాయనకి ఇంగ్లీషు చెప్పవే అమ్మడూ అన్నాడు. నాకు కొత్తగా వచ్చిన పాఠం అదొక్కటే. చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. స్లాప్, అత్తయ్య ఎడం చెంప. హిట్, అత్తయ్య భుజం. స్ట్రైక్, పక్కటెముకలు. బీట్, వీపంతా, బెల్టుతో. థ్రాష్, కడుపు మీద, లోపలి పాప పోయేదాకా.

మావయ్య ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. చెంప మీద పడిన దెబ్బకి అరుగు అంచుకి వెళ్ళి పడ్డాను. నోరంతా ఉప్పగా రక్తం, చెవిలో ఒకటే హోరు.

తాతయ్య చేతికర్ర లేచింది. అది మావయ్య ముంజేతి మీద పడి ఎముక విరిగిన చప్పుడు ఆ హోరులో కూడా నాకు వినపడింది. మావయ్య కేకపెట్టి కూలబడ్డాడు. కర్ర మళ్ళీ లేచింది, ఈసారి తల మీదకే. అత్తయ్య పరిగెత్తుకొచ్చి రెండు చేతులా దాన్ని పట్టేసుకుంది.

"ఒక్కటి చాలు నాన్నగారూ. రెండోది పడితే మీకూ ఆయనకీ ఒకటే మాట వాడాలి."

తాతయ్య కర్ర వదిలేసి నన్ను ఎత్తుకున్నాడు. అప్పుడు కూడా మర్యాద తప్పలేదు ఆయన. "మా అమ్మాయి రాదండి. తమరు దయచెయ్యండి" అన్నాడు.

అత్తయ్య మరి వెనక్కి వెళ్ళలేదు. మా ఊళ్ళోనే పిల్లలకి ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికింది. దెబ్బ తిన్న నా ఎడమ చెవి మాత్రం ఇవాళ్టికీ సరిగ్గా వినపడదు. నా మనవరాళ్ళు ఆటపట్టిస్తుంటారు, మామ్మకి అటు వైపు నుంచి ఏం చెప్పినా చెల్లుతుందని. చెల్లదు. పెళ్ళిపందిట్లోనో, ఆసుపత్రి వరండాలోనో ఎవరైనా గొంతు తగ్గించి చెయ్యి చేసుకున్నాడట అన్నారంటే, అది ముందు ఆ చెవికే వినపడుతుంది. లేచి వెళ్ళి ఆ దెబ్బలు తిన్న పిల్ల పక్కన కూర్చుంటాను. ఎక్కడ, దేంతో, ఎన్నిసార్లు అని అడుగుతాను.